అయిదో చక్రం జాతకం

బండికి నాలుగు చక్రాలుంటాయి, మరి అయిదోది ఎక్కడుంది? అమెరికాలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు పికప్ ట్రక్కుకు తగిలించుకుని దేశమంతా తిరిగే చక్రాల ఇంటిని ‘ఫిఫ్త్ వీల్’ అంటారు. దాని కిందికి వంగి ఎంత వెతికినా ఆ అయిదో చక్రం కనిపించదు. అది ఉండేది ఇంటికి కాదు, ట్రక్కుకు. తొట్టిలో, వెనక ఇరుసుకు దాదాపు నడినెత్తిన బిగించిన ఉక్కు పళ్లెం అది. గుర్రపు నాడాలా ఒకవైపు నోరు తెరుచుకుని, ఒళ్లంతా నల్లటి కందెన పూసుకుని ఉంటుంది. ఇంటి ముక్కు కింద వేలాడే రెండంగుళాల లావు ఉక్కు శీల ఆ నోట్లోకి జారి, దవడలు ఠక్కున మూసుకుంటే పెళ్లయినట్టే. మూసుకున్నాయో లేదో చూడకుండా ట్రక్కును ముందుకు పోనిస్తే మాత్రం ఇల్లు కాస్తా తొట్టి అంచుల మీద కూలబడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇంటి బ్రేకులు వేసి ఉంచి, ట్రక్కుతో ఒకసారి మెల్లగా లాగి చూసుకున్నాకే కదులుతారు.

పేరు మాత్రం గుర్రపు బగ్గీల నాటిది. నాలుగు చక్రాల బగ్గీ మలుపు తిరగాలంటే ముందు ఇరుసు పక్కకు తిరగాలి. అందుకని ఇరుసుకూ పైనున్న చట్రానికీ మధ్య ఒక ఇనప చక్రాన్ని పడుకోబెట్టేవాళ్లు. నేలను తాకదు, దొర్లదు, తన మీద బరువును మోస్తూ తిరుగుతుందంతే. మన ఎడ్లబండికి రెండే చక్రాలు కాబట్టి దానికి ఆ బాధ లేకపోయింది.

బగ్గీ నుంచి మోటారుకు ఈ ఏర్పాటును తెచ్చినవాళ్లలో కమ్మరులు ఉన్నారు. 1914లో డెట్రాయిట్‌లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి తన పడవను వేసవి విడిదికి తీసుకెళ్లాలనుకుని ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి వెళ్లాడు. ఫ్రూహాఫ్ ఒక ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక తగిలించే బండి చేసిచ్చాడు. పడవ సుఖంగా చేరింది. ఆ తర్వాత కలప మోయడానికీ అలాంటిదే కావాలన్నాడు సిబ్లీ. ఆ ‘సెమీ ట్రైలర్’ నుంచే ఫ్రూహాఫ్ కంపెనీ ఎదిగింది. విహారానికి చేసిన బండి సరుకుల బండయింది. సరుకుల బండి తిరిగి విహారానికి రావడానికి మాత్రం ఒక విమానాల మనిషి కావలసి వచ్చాడు.

గ్లెన్ కర్టిస్ 1878లో న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్‌లో పుట్టాడు. సైకిళ్లతో మొదలుపెట్టి మోటార్ సైకిళ్లకూ, అక్కణ్నుంచి విమానాలకూ వెళ్లాడు. 1908 జులై 4న ‘జూన్ బగ్’ అనే విమానంలో కిలోమీటరుకు పైగా ఎగిరి పేరు తెచ్చుకున్నాడు. ఫ్లోరిడాలో స్థిరపడ్డాక భూముల వ్యాపారం చేశాడు, అడవుల్లో వేటాడాడు, వేటకు వెళ్లినప్పుడు ఉండటానికి చక్రాల ఇల్లు చేసుకున్నాడు. 1920ల చివర అదే ‘ఏరోకార్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. విమానానికి వాడే పద్ధతిలోనే తేలికపాటి చట్రాన్ని తీగలతో బిగించి కట్టాడు. కారు వెనక భాగంలో గాలి నింపిన టైరునొకదాన్ని పడుకోబెట్టి, ఇంటి ముక్కు శీలను దాని మధ్యలో దించాడు. గతుకులు ఆ టైరు మింగేసేది. అయిదో చక్రం నిజంగానే టైరున్న చక్రమైన సందర్భం ఇదే. 1930లో కర్టిస్ పోయాడు. ఏరోకార్ ఏమో ధనవంతుల ఆటవస్తువుగానే మిగిలింది.

మామూలు జనం అప్పటికే రోడ్డెక్కి ఉన్నారు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అనే సంఘం పుట్టింది. రేడియేటర్ మూత మీద రేకు డబ్బా అతికించుకోవడం వాళ్ల గుర్తు. 1929లో డెట్రాయిట్‌కు చెందిన ఆర్థర్ షెర్మన్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త పిల్లలతో సెలవులకు వెళ్తూ కొత్తగా కొన్న మడత గుడారం బండి వానలో ఎంతకీ లేవక విసిగిపోయి, గట్టి గోడల ట్రైలర్ చేయించుకున్నాడు. కొత్త సరుకు మీద నమ్మకం పోయిన ఆ కొనుగోలుదారే ఆ తర్వాత ‘కవర్డ్ వ్యాగన్’ పేరుతో దేశంలోకెల్లా పెద్ద ట్రైలర్ కంపెనీకి యజమాని అయ్యాడు. 1930ల నడిమికి ట్రైలర్ల మోజు వేడి ఎంతవరకూ పోయిందంటే, ఇరవై ఏళ్లలో అమెరికా జనాభాలో సగం మంది ట్రైలర్లలో కాపురం ఉంటారని రోజర్ బాబ్సన్ అనే ఆర్థిక జోస్యుడు చెప్పాడు. ఆ జోస్యం చల్లారకముందే 1937లో మాంద్యం వచ్చింది, చిన్న కంపెనీలు వరసగా మూతపడ్డాయి.

ఈ వ్యాపారం ఎప్పుడూ ఇలాగే నడిచింది. ఒక వేడి, ఒక చల్లారడం. వేడిలో హడావిడిగా తయారైన బండ్లు చల్లారాక సెకండ్ హ్యాండ్ బజారుకు చేరతాయి. ఫిఫ్త్ వీల్ కొనబోతూ కొత్తదా, వాడిందా అని తేల్చుకోలేని దంపతులకు అసలు జవాబు రంగులోనూ లేదు, ధరలోనూ లేదు. ఆ బండి ఏ ఏడాది పుట్టిందన్న దాంట్లో ఉంది.

రిటైరైనవాళ్ల చేతిలోకి ఇల్లు రావాలంటే ముందు వాళ్ల చేతిలో నెలనెలా డబ్బుండాలి. సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. మొదటి నెలవారీ చెక్కు 1940 జనవరిలో వెర్మాంట్‌కు చెందిన ఐడా మే ఫుల్లర్‌కు అందింది, 22 డాలర్ల 54 సెంట్లు. మూడేళ్లలో ఆమె కట్టింది 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్లు బతికి 22 వేల డాలర్లకు పైగా తీసుకుంది! 1956లో ఇంటర్‌స్టేట్ రహదారుల చట్టం, 1960 తొలిరోజున అరిజోనాలో రిటైరైనవాళ్ల కోసమే కట్టిన సన్ సిటీ ప్రారంభం. డబ్బు, రోడ్డు, ఎండకాచే చోటు మూడూ అమరాయి.

అదే 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ 58 ఏళ్ల వయసులో, చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని దేశం చూడటానికి బయలుదేరాడు. పికప్ ట్రక్కు మీద చిన్న గదిని కట్టించుకుని, డాన్ క్విహోటే గుర్రం పేరిట ‘రోసినాంటే’ అని పేరు పెట్టాడు. ఆయనది కొత్త బండి, ఆర్డరిచ్చి చేయించుకున్నది. ఇప్పుడది కాలిఫోర్నియాలోని సలీనస్‌లో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది.

పికప్ ట్రక్కు రైతు బండి స్థాయి నుంచి ఇంటింటి బండిగా మారిన 1960, 70లలో ఫిఫ్త్ వీల్ మళ్లీ లేచింది. బంపరుకు తగిలించిన ట్రైలర్ తోక ఊపినట్టు పక్కలకు ఊగుతుంది. ఫిఫ్త్ వీల్ బరువులో అయిదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు, నేరుగా ట్రక్కు ఇరుసు మీద కూర్చుంటుంది కాబట్టి ఆ ఊపు తగ్గుతుంది. తొట్టి మీదికి పొడుచుకొచ్చిన ముక్కు భాగంలో పడకగది అమిరింది. 1990లలో గోడను బయటికి జరిపి గదిని వెడల్పు చేసే స్లైడ్ అవుట్లు కూడా వచ్చాక అందులో సోఫాలు, ఫైర్‌ప్లేసులు చేరాయి. బరువూ చేరింది. ఇంటి మీద మోజుతో ముందు ఇల్లు కొని, తర్వాత అది తమ ట్రక్కు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసిన బరువు దాటిందని తెలుసుకుని, ట్రక్కు కూడా మార్చుకోవలసి వచ్చినవాళ్లు కొల్లలు.

ఇవి ఎక్కువగా తయారయ్యేది ఎక్కడ? ఇండియానా రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఎల్క్‌హార్ట్‌లో. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో, అంటే అన్ని రకాల చక్రాల ఇళ్లలో, దాదాపు 80 శాతం ఆ ఊరి చుట్టుపక్కలే పుడతాయి. సొంత ఇళ్లకు కరెంటు కూడా తీసుకోని ఆమిష్ మతస్థులు ఈ ఫ్యాక్టరీల్లో పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. చాలాచోట్ల కూలీ గంటల లెక్కన కాదు, బండ్ల లెక్కన. తెల్లవారకముందే మొదలుపెట్టి, ఆనాటి బండ్లు పూర్తికాగానే మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోతారు. చేతి పనితనానికి పేరున్న మనుషులే. అయితే ఎంత తొందరగా కడితే అంత తొందరగా ఇంటికి పోవచ్చన్న లెక్కలో సీలెంటు ఒక చోట పలచబడితే ఆశ్చర్యం లేదు.

ఆ ఊరి నాడి చూస్తే దేశం జ్వరం తెలుస్తుంది. 2006లో పరిశ్రమ 3,90,500 ఆర్వీలు పంపింది. 2009లో 1,65,700. ఆ ఏడాది ఎల్క్‌హార్ట్‌లో నిరుద్యోగం 20 శాతం అంచుకు చేరింది. కొత్తగా పదవి చేపట్టిన ఒబామా ఫిబ్రవరిలోనే అక్కడికి వెళ్లాడు. కోవిడ్ వచ్చాక విమానాలకూ హోటళ్లకూ భయపడిన జనం ఆర్వీల మీద పడ్డారు. 2021లో 6,00,240 బండ్లు, చరిత్రలోనే ఎక్కువ. రెండేళ్లు తిరిగేసరికి 2023లో 3,13,174. విడిభాగాలు దొరకక, మనుషులు దొరకక, అడిగినవాళ్లకు కాదనలేక ఆ రద్దీ ఏళ్లలో తయారైన బండ్లే ఇప్పుడు ‘కాస్త వాడినవి’ అన్న ముద్దుపేరుతో బజారులో నిలబడి ఉన్నాయి.

వాడిన బండి జాతకం చూడకపోతే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2005లో కత్రినా తుపాను తర్వాత నిలువ నీడ లేనివాళ్ల కోసం ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫీమా లక్షకు పైగా ట్రైలర్లు, మొబైల్ ఇళ్లు కొన్నది. ఎక్కువ భాగం బంపరుకు తగిలించేవే అనుకోండి. వాటిలో ఉన్నవాళ్లకు కళ్లు మండాయి, దగ్గు పట్టుకుంది. 2007 చివర, 2008 మొదట్లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 519 ఇళ్లలో గాలిని పరీక్షిస్తే ఫార్మాల్డిహైడ్ సగటున వంద కోట్ల పాళ్లలో 77 పాళ్లు ఉంది, మామూలు ఇళ్లలో కన్నా ఎన్నో రెట్లు. గోడలకూ అలమరాలకూ వాడిన చెక్కల జిగురులోంచి వచ్చిన విషం అది. ‘నివాసానికి కాదు’ అన్న స్టిక్కర్లు అంటించి 2010లో ప్రభుత్వం వాటిని వేలం వేసింది. స్టిక్కర్ ఊడబీకడానికి ఎంతసేపు? అదే ఏడాది గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరాన చమురు ఒలికినప్పుడు శుభ్రం చేయడానికి వచ్చిన కూలీల మకాముల్లో అవి తేలాయి. ఆ ఏడాదే చెక్కల్లో ఫార్మాల్డిహైడ్‌కు హద్దు పెడుతూ చట్టమూ వచ్చింది.

అలాగని వాడినవన్నీ పాడైనవి కావు. మేలైన సెకండ్ హ్యాండ్ బండి చాలాసార్లు ఒక వృద్ధ జంట చేతిలోంచి వస్తుంది. 1978లో జో, కే పీటర్సన్ దంపతులు పెట్టిన ‘ఎస్కేపీస్’ సంఘం టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఇల్లు లేని సంచారులకు చిరునామా ఇస్తుంది, ఉత్తరాలు పంపుతుంది. ఇక డ్రైవ్ చేయలేని వయసు వచ్చినవాళ్లు తమ చక్రాల ఇంట్లోనే ఉంటూ భోజనం, సాయం అందుకునే కేంద్రమూ అక్కడే ఉంది. ప్రయాణం మానేయడాన్ని వాళ్ల భాషలో ‘తాళాలు తగిలించేయడం’ అంటారు. అలా తాళాలు తగిలించేసినవాళ్ల బండి కొన్నవాడు అదృష్టవంతుడు. కొత్త బండికి మొదటి ఏడాదిలో కనిపించే లీకులు, వదులైన తలుపులు, తప్పుగా కలిపిన తీగలు అప్పటికే బాగుపడి ఉంటాయి. ఏ నెలలో ఏం మార్చారో రాసిన నోటు పుస్తకం కూడా చేతికి రావచ్చు.

కొత్తదానికి ఉన్న బలం వారంటీ. అది సాధారణంగా ఏడాదే. ఏడాది పొడుగునా అందులోనే కాపురం ఉంటే చెల్లదని చాలా కంపెనీల పత్రాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రిటైరైనవాళ్లు చేయబోయేది సరిగ్గా ఆ పనే. ఇంజన్ లేని బండి కాబట్టి లోపభూయిష్టమైన వాహనాలను వెనక్కిచ్చే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో దీన్ని పట్టించుకోవు. డీలర్ గేటు దాటగానే ధర పడిపోవడం మొదలవుతుంది. పాతదానికి ఉన్న చిక్కు వేరు. పదేళ్లు దాటిన బండ్లను లోపలికి రానివ్వని ప్రైవేటు క్యాంపులు ఉన్నాయి. కాబట్టి ఎనిమిదేళ్ల బండిని పదిహేనేళ్లు తిరుగుదామని కొనేవాళ్లు గేట్ల దగ్గర బతిమాలుకోవడానికి సిద్ధపడాలి.

1970లలో డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అమెరికా వెళ్లిన తెలుగువాళ్ల తరం రిటైరై ఇప్పటికే కొన్నేళ్లయింది. వాళ్లూ రోడ్డెక్కాలనుకుంటే, 62 ఏళ్లు నిండినవారికి 80 డాలర్లకు జీవితాంతం పనిచేసే జాతీయ పార్కుల సీనియర్ పాస్ ఉంది. అది పౌరులకే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. 2017 ఆగస్టు దాకా పది డాలర్లే ఉండేది, ఆలస్యమైంది.

తీర్పు చెప్పమంటే, ఎక్కువమందికి వాడిన బండే మేలు. మూడు నుంచి ఆరేళ్లది, రద్దీ ఏళ్లలో పుట్టనిది, మొదటి యజమాని చేతిలో మరమ్మతులు పూర్తయినది. కొనే ముందు పైకప్పు మూలలు వేలితో నొక్కి చూడాలి, మెత్తగా దిగితే లోపల చెక్క కుళ్లినట్టే. పక్క గోడల వెంబడి వెలుతురుకు అడ్డంగా చూస్తే ఉబ్బెత్తులు కనిపిస్తాయి, అంటే నీళ్లు చేరాయి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవాలి, 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. గీతలు నిండుగా ఉన్నా సరే, వయసు మీరింది కాబట్టి అది మార్చాల్సిన టైరే. కొన్ని వందల డాలర్లు పోయినా సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని తెచ్చుకోవాలి, డీలర్ చూపించినవాణ్ని కాదు.

అన్నిటికన్నా ముందు బండి ఎడమ పక్కన, ముందు భాగంలో అంటించిన చిన్న స్టిక్కర్ దగ్గర ఆగండి. అమ్మేవాడు చెప్పే మోడల్ సంవత్సరం వేరు, తయారైన తేదీ వేరు. 2022 మోడల్ అన్నది 2021 వేసవి రద్దీలో పుట్టి ఉండొచ్చు. ఆ స్టిక్కర్ మీద నెల, సంవత్సరం రెండూ ఉంటాయి.