కత్తిరింపు – కనికట్టు

దృశ్యాన్ని దృశ్యానికి అతికే పద్ధతులకు కూడా ఒక సాంఘిక చరిత్ర వుంది. అది యంత్రం ఎరిగినవాళ్ల గొడవ అని మన విమర్శకులు సాధారణంగా వదిలేస్తారు. నేడు కళాశాల విద్యార్థులు తమ చిన్న చిత్రాలకు ట్రైలర్లు తయారు చేస్తున్నారు. ఒక దృశ్యం కరిగి మరొకటవుతుంది, తెర గిర్రున తిరుగుతుంది, మెరుపులు మెరుస్తాయి. కంప్యూటర్ మీట నొక్కటమే తడవు. ఈ హంగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో విచారించటం అవసరం.

డిజాల్వ్ ఇంద్రజాలికుల సొత్తు. ఫ్రెంచి ఇంద్రజాలికుడు జార్జి మెలియెస్ 1899లో తీసిన సిండరెల్లా కథలో దాన్ని వాడాడు. ఆనాడు దాన్ని కెమేరాలోనే సాధించాలి: వెలుతురును క్రమంగా మూసి, ఫిల్మును వెనక్కి చుట్టి, రెండో దృశ్యాన్ని అదే ఫిల్ము మీద మెల్లగా తెరవాలి. చెయ్యి తప్పితే రెండూ పోతాయి. 1930 దశకంలో హాలీవుడ్ స్టూడియోలలో ఆప్టికల్ ప్రింటర్ స్థిరపడ్డాక ఆ భయం తగ్గింది. 1933 నాటి "ఫ్లయింగ్ డౌన్ టు రియో"లో వైపులు తెర మీద నాట్యమే చేశాయి. మొదట్లో అసలు చిత్రం వెనక నడిచింది గనకనే ట్రైలర్ అనే పేరు పొందిన ప్రకటన చిత్రం, ఈ హంగులను రెండు చేతులా అందుకుంది. సరుకు అమ్మవలసినదానికి తళుకు కావాలి గదా!

ఇదే కాలంలో మరో దేశపు విద్యార్థులు మరో దారి తొక్కారు. 1919లో మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల వెలిసింది. అంతర్యుద్ధం, దిగ్బంధం, ముడి ఫిల్ము దొరకటం గగనం. ఇరవై యేళ్ల అధ్యాపకుడు కులెషోవ్, అతని శిష్యులూ ఫిల్ము లేకుండానే "చిత్రాలు" వేదిక మీద అభినయించారు. పాత ముక్కలు అతికి ప్రయోగాలు చేశారు. నటుడు మొజూఖిన్ ముఖం తాలూకు ఒకే షాట్‌ను పులుసు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఆడుకునే పాప పక్కన పెడితే ప్రేక్షకులు మూడు భావాలు చూశారని శిష్యుడు పుడోవ్కిన్ రాశాడు. ఆ ఫిల్ము నేడు లభ్యం కాదు, వృత్తాంతమే మిగిలింది; కనక దాన్ని వేదవాక్యంగా పట్టుకోనక్కర్లేదు. అయినా అర్థం షాట్‌లో కాదు, రెండు షాట్ల సంబంధంలో పుడుతుందన్న ఆలోచనకు లేమి కూడా ఒక కారణమన్నది స్పష్టం.

లేమిని కీర్తించటం నా ఉద్దేశం కాదు. కత్తెర కూడా అమాయకమైంది కాదు. విదేశీ చిత్రాలను సోవియట్ ప్రేక్షకులకు అనువుగా తిరగకత్తిరించటం ఎస్ఫిర్ షుబ్ ఉద్యోగం. 1924లో "డాక్టర్ మబూజె"ను కత్తిరించేటప్పుడు ఐసెన్‌స్టెయిన్ ఆమె పక్కన కూర్చుని పని నేర్చాడు. పరాయివాడి కథను మార్చే ఆ విద్యకూ సెన్సారు విద్యకూ మధ్య గోడ చాలా పల్చన.

కాని ఆమె 1927లో చేసిన "రోమనోవ్ వంశ పతనం" చూడండి. ఏళ్ల కిందటి వార్తాచిత్రాలు, జారు చక్రవర్తి వేడుక కోసం తీయించుకున్న చిత్రాలు ఆమెకు ముడిసరుకు. ఓడ మీద రాజకుటుంబంతో దొరలు, దొరసానులు నాట్యం చేస్తారు. చెమట పట్టేదాకా ఆడారని ఒక అక్షరాల పలక చెబుతుంది. వెంటనే కట్: చెమటోడుస్తూ మట్టి తవ్వే కూలీలు. అక్కడ డిజాల్వ్ వేసి వుంటే నాట్యం మెత్తగా శ్రమలోకి జారిపోయేది. రెండూ ఒకే ప్రకృతి లీల అనిపించేది. షుబ్ జారనివ్వలేదు. ఓడ మీది దొరల చెమట, గోతిలోని కూలీల చెమట తెర మీద ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.