గడ్డిలోని రెండవ చక్కెర

రొట్టెపిండిని పొంగించు ఈస్టును మనమెరుగుదుము. ఈ శిలీంధ్రము గ్లూకోజును మద్యసారముగా మార్చును. కాని గడ్డిలోని పీచును విడగొట్టినచో గ్లూకోజుతోపాటు జైలోజు అను మరియొక చక్కెరయు వచ్చును. దానిని ఈస్టు ముట్టదు. అందువలన గడ్డినుండి రావలసిన ఇంధనములో కొంత నష్టమగుచుండెను.

ఏనుగు లద్దెలో దొరికిన పైరోమైసిస్ అను శిలీంధ్రమునకు జైలోజును జీర్ణించుకొను శక్తి కలదు. 2003లో హాలండులోని డెల్ఫ్ట్ శాస్త్రజ్ఞులు దాని జన్యువునొకదానిని ఈస్టులో చేర్చిరి. ఈస్టు జైలోజుపై పెరిగెను గాని, మిక్కిలి మందగతిని. జన్యువు వచ్చినది, అలవాటు రాలేదు! అంతట దానిని జైలోజుపైననే తరతరములుగా పెంచి, చురుకైనవానిని ఏరుకొనిరి. 2004లో గాలి లేకయే జైలోజును పులియబెట్టు ఈస్టు సిద్ధించెను. 2005లో రెండు చక్కెరల మిశ్రమమునకును దానిని అలవరచిరి.

తృణమును తృణీకరింపరాదని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.