చిరునామా మారితే ఆగిపోయే పింఛను

గువామ్, సైపాన్ రెండూ మేరియానా దీవుల్లోవే. రెండింటి మీదా ఎగిరేది అమెరికా జెండాయే. ఆస్తిపాస్తులు లేని ముసలివాళ్లకు, వికలాంగులకు సైపాన్‌లో ఫెడరల్ ప్రభుత్వం నెలనెలా ఎస్‌ఎస్‌ఐ (సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్) కింద డబ్బు వేస్తుంది. గువామ్‌లో ఆ ఊసే లేదు.

ఈ తేడా మొదటినుంచీ ఉన్నది కాదు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం కింద వృద్ధుల సాయం రాష్ట్రాల చేతుల మీదుగా నడిచేది, ఫెడరల్ ఖజానా వాటా ఇచ్చేది. 1950లో ప్యూర్టోరికో, వర్జిన్ దీవులను, 1958లో గువామ్‌ను అందులో చేర్చారు. 1972లో నిక్సన్ సంతకంతో ఎస్‌ఎస్‌ఐ వచ్చింది. 1974 జనవరి 1 నుంచి ఒంటరి మనిషికి నెలకు గరిష్ఠంగా 140 డాలర్లు. అయితే ఆ చట్టంలో ‘అమెరికా’ అంటే 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ అని నిర్వచనం రాసుకున్నారు. అంతే, ఆ మూడు దీవులకూ పాత పథకమే మిగిలింది. అమెరికన్ సమోవాకు అదీ లేదు.

మరి సైపాన్ సంగతి? గువామ్ 1898లో యుద్ధం గెలిచిన అమెరికాకు స్పెయిన్ అప్పగించిన దీవి, అక్కడివాళ్లను అడిగిందెవరు? సైపాన్ ఉన్న ఉత్తర మేరియానా మాత్రం బేరమాడి, షరతులు కాగితం మీద పెట్టించుకుని అమెరికాతో కలిసింది. 1976లో ఆమోదం పొందిన ఆ ఒడంబడికలో ఎస్‌ఎస్‌ఐ ఒక అంశం. ఆలస్యంగా వచ్చినవాళ్లకే విస్తరి నిండింది.

కోర్టులు ఈ గీతను చెరపలేదు. 1978లో కాలిఫానో వర్సెస్ టోరెస్ కేసులో సుప్రీంకోర్టు, ఇల్లు మారి వచ్చినంత మాత్రాన ఎస్‌ఎస్‌ఐ వెంట రాదంది. హోసే వయేలో మదేరో కథ అలాంటిదే. న్యూయార్క్‌లో ఉండగా జబ్బు చేసి 2012లో ఎస్‌ఎస్‌ఐకి అర్హుడయ్యాడు. మరుసటేడు భార్యను చూసుకోవడానికి ప్యూర్టోరికో వెళ్లాడు. న్యూయార్క్ బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతూనే ఉంది. సంగతి బయటపడ్డాక ప్రభుత్వం 28,081 డాలర్లు వెనక్కి కట్టమని దావా వేసింది. కింది కోర్టులు రెండూ ఆయన పక్షానే నిలిచాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో తిరగేసింది. ప్యూర్టోరికోవాసులు చాలావరకు ఫెడరల్ ఆదాయపన్ను కట్టరు కనుక ప్రయోజనాల్లోనూ తేడా చూపవచ్చన్నారు జస్టిస్ కెవనా. ఎస్‌ఎస్‌ఐ తీసుకునేంత పేదవాడు న్యూయార్క్‌లో మాత్రం ఆదాయపన్ను ఎక్కడ కడతాడు? ఒంటరిగా విభేదించిన సోటోమయోర్ పట్టుకున్నదీ ఆ ముడినే.

అంతకుముందే, 2021 నవంబరులో, అన్ని దీవులకూ ఎస్‌ఎస్‌ఐ ఇచ్చే ప్రతిపాదన బైడెన్ భారీ బిల్లులో భాగంగా ప్రతినిధుల సభ దాటింది. సెనేట్‌లో ఆ బిల్లే ఆగిపోయింది. గువామ్ నుంచి కోర్టుకెక్కిన మరో కేసులో ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు. ఇద్దరికీ కండరాలను క్షీణింపజేసే ఒకే వంశపారంపర్య వ్యాధి. పెన్సిల్వేనియాలో ఉన్నామెకు ఎస్‌ఎస్‌ఐ అందుతుంది, గువామ్‌లో ఉన్నామెకు అందదు.