దారి లేని ఊళ్ల రెక్కల బండి

కెనడాలో క్యూబెక్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన నునావిక్ ఉంది. తీరం వెంట ఇన్యుయిట్ ఆదివాసుల ఊళ్లు 14. ఏ ఊరి నుంచీ పక్క ఊరికి రోడ్డు లేదు. సముద్రం గడ్డకట్టని కొద్ది నెలలే సరుకుల ఓడ వస్తుంది. మిగిలిన ఏడాదంతా పాలు, మందులు, ఉత్తరాలు, పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన రోగులు అందరికీ, అన్నిటికీ విమానమే దిక్కు. ఆ విమానాలు నడిపే ఎయిర్ ఇన్యుయిట్ సంస్థకు యజమానులు ఆ ఊళ్లవాళ్లే. ఈ రోజు రావడానికి ఆరు దశాబ్దాలు పట్టింది.

కెనడా ఉత్తరాదికి మొదట విమానాన్ని రప్పించింది చమురు. 1920లో మెకంజీ నది లోయలో ఫోర్ట్ నార్మన్ సమీపాన చమురు పడింది. పడవలో పోదామంటే మంచు కరిగేదాకా ఆగాలి. అందుకని 1921లో ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ రెండు యుంకర్స్ విమానాలను పంపింది. ఫోర్ట్ సింప్సన్‌లో వాటి ప్రొపెల్లర్లు విరిగాయి. కొత్తవి తెప్పించే దారి లేదు. మెకానిక్ బిల్ హిల్, చెక్కపని తెలిసిన వాల్టర్ జాన్సన్ కలిసి స్లెడ్జి బండ్ల ఓక్ పలకలను దుప్పి జిగురుతో అతికించి ప్రొపెల్లర్ చెక్కారు. దానితోనే విమానం మళ్లీ ఎగిరింది.

1926లో విన్నిపెగ్ ధాన్యం వ్యాపారి జేమ్స్ రిచర్డ్‌సన్ వెస్టర్న్ కెనడా ఎయిర్‌వేస్ స్థాపించారు. గనులు వెదికేవారిని, సరుకును, టపాను మోయడం దాని పని. అప్పట్లో రన్‌వేలు ఎక్కడివి? వేసవిలో విమానానికి ఫ్లోట్లు కట్టి చెరువుల మీద, చలికాలంలో స్కీలు బిగించి మంచు మీద దింపేవారు. మంచు సగం కరిగి, సగం నిలిచి ఉండే రోజుల్లో రెండూ పనికిరావు, రాకపోకలు ఆగిపోయేవి. రాత్రి ఇంజన్ ఆయిల్ గడ్డకట్టకుండా దాన్ని వంపి లోపల వెచ్చగా దాచేవారు. తెల్లారాక ఇంజన్ మీద గుడారం కప్పి, కింద మంట పెట్టి వేడి చేసేవారు.

విమానం విలువేమిటో 1929 జనవరి తేల్చి చెప్పింది. అల్బర్టా ఉత్తరాన డిఫ్తీరియా సోకింది. మందు తీసుకుని పైలట్లు వాప్ మే, విక్ హోర్నర్ పైకప్పు లేని చిన్న ఏవ్రో ఏవియన్‌లో ఎడ్మంటన్ నుంచి బయల్దేరారు. మందు గడ్డకడితే పనికిరాదు కనుక దుప్పట్లు చుట్టి, పక్కన బొగ్గుల కుంపటి పెట్టారు. తాము మాత్రం గడ్డకట్టే గాలికి ఎదురు కూర్చుని ఫోర్ట్ వెర్మిలియన్ చేరారు.

అప్పట్లో చాలావరకు ఉన్న విమానాలతోనే సర్దుకున్నారు. ఆ నేలకు బాగా తగిన విమానం ఒకటి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టింది. అంతకుముందు ఉత్తరాదిలో ఎగిరిన పైలట్ పంచ్ డికిన్స్ అప్పటికి డి హావిలాండ్ కెనడా విమాన కంపెనీలో ఉన్నారు. కొత్త విమానం ఎలా ఉండాలో పైలట్లనే అడిగారు. 1947 ఆగస్టులో ఎగిరిన బీవర్ వాళ్ల జవాబే: కొద్దిపాటి జాగాలో లేస్తుంది, ఎగురుతుండగానే కాక్‌పిట్ నుంచి ఇంజన్ ఆయిల్ పోయొచ్చు, తలుపుల్లోంచి ఇంధనం పీపాను నేరుగా లోపలికి దొర్లించవచ్చు. 1965లో రెండింజన్ల ట్విన్ ఆటర్ వచ్చింది. తర్వాత కంకర రన్‌వేల మీద దిగడానికి బోయింగ్ 737-200కు కూడా ముందు చక్రం వెనక రాళ్లను అడ్డుకునే పళ్లెం, ఇంజన్ల ముందు గాలి చిమ్మే గొట్టాలు అమర్చారు. ముందు భాగంలో సరుకు, వెనక ప్రయాణికులు.

ఇన్నాళ్లూ విమానం ఎవరికోసమో వచ్చేది, ఎవరిదో అయ్యేది. క్యూబెక్‌లో జలవిద్యుత్ ప్రాజెక్టుల మీద పోరాడిన క్రీ, ఇన్యుయిట్ ఆదివాసులు 1975లో ప్రభుత్వంతో జేమ్స్ బే ఒప్పందం కుదుర్చుకున్నారు. పరిహారం ఇద్దరికీ కలిపి 22.5 కోట్ల డాలర్లు. తమ వాటాను చూసుకోవడానికి ఇన్యుయిట్లు మకివిక్ అనే సంస్థను నిలిపారు. వాళ్ల భాషలో ఆ మాటకు పైకి లేవడం అని అర్థం. దాని అండతో 1978లో ఎయిర్ ఇన్యుయిట్ మొదలైంది, ఒకే ఒక్క బీవర్‌తో.

ఉత్తరాది నేల కింది చమురు కోసం మొదటి విమానం వచ్చిన 57 ఏళ్లకు, ఉత్తరాది మనుషులు తమ కోసం ఒక విమానం కొనుక్కున్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంఘటన అదే. పరిహారాన్ని పంచుకు తినేయకుండా వాళ్లు దారి వేసుకున్నారు.