చిన్నపిల్లల్లో లింఫు గ్రంథుల వాపు

మెడ, చంక, గజ్జల్లోని లింఫు గ్రంథులు పెరిగి చేతికి తగలడాన్ని వాడుకలో బిళ్ళ కట్టడం అంటారు. ఒంట్లో చొరబడిన సూక్ష్మజీవులను ఈ గ్రంథులు వడగట్టి, వాటితో పోరాడే కణాలను పెంచుతాయి. ఆ పనిలోనే ఉబ్బుతాయి. ఎదిగే వయసులో ఇవి సహజంగానే పెద్దవి. బక్కపలుచని బిడ్డ మెడ తడిమితే శనగగింజంత బిళ్ళలు వేళ్ళ కింద జారుతూ తగలడం మామూలే. తల్లులు హడలిపోయేది ఎక్కువగా వీటికే.

వాపు ఎక్కడుందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. దవడ కింద ఉంటే గొంతునొప్పి, పుచ్చుపళ్ళు. తల వెనక ఉంటే పేలు, కురుపులు. గజ్జల్లో ఉంటే కాలి పుండు. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ టీకా వల్ల కొందరు పసివాళ్ళకు అదే వైపు చంకలో బిళ్ళ కడుతుంది. నొప్పి, చీము లేకపోతే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. మెడకు ఒకవైపు ఎర్రగా కమిలి, ముట్టుకోనివ్వకుండా జ్వరం వస్తే అది సాధారణంగా బాక్టీరియా పని. యాంటీబయాటిక్ కావాలి, చీము పడితే తీయాలి.

మన దేశంలో మరవకూడనిది క్షయ. నొప్పి లేని గ్రంథులు వారాల తరబడి పెరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాతకాలపు గండమాల ఎక్కువగా ఇదే. సూదితో కణాలు తీసి పరీక్షిస్తారు; సాధారణంగా 6 నెలల మందులతో నయమవుతుంది.

గ్రంథి 2 సెం.మీ. దాటినా, 4 వారాలకు తగ్గకపోయినా, కదలకుండా గట్టిపడినా, బిడ్డ బరువు తగ్గుతున్నా వైద్యుడికి చూపాలి. మెడ కింది కంటె ఎముక పైన తగిలే బిళ్ళ ఎంత చిన్నదైనా ఆగకూడదు. పసరు కట్లు, పిసకడం వల్ల మేలు లేదు.