గ్రేహౌండ్స్, కోబ్రా, డీఆర్‌జీ: ఒకే అడవి, మూడు నడకలు

వామపక్ష తీవ్రవాదంపై ప్రశ్న రాగానే మనలో చాలామంది "బలగాల మధ్య సమన్వయం పెరగాలి" అని రాసి ముగిస్తాం. అది ఎందుకు కష్టమో రాయం. మార్కులు ఉన్నది అక్కడే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దారు. వీరి పద్ధతి గెరిల్లాలదే. చిన్న జట్లు, కాలినడక, రాత్రి ప్రయాణం, సమాచారం అందాకే కదలిక, పని కాగానే వెనక్కి. రోడ్ల కింద మందుపాతరలు ఉండే ప్రమాదం ఎక్కువ కాబట్టి అడవిలో వాహనాలకు దూరంగా ఉంటారు.

2008లో మంజూరైన కోబ్రా సీఆర్‌పీఎఫ్‌లో భాగం. మొత్తం పది బెటాలియన్లు. జవాన్లు దేశం నలుమూలల నుంచి వస్తారు. అడవి యుద్ధంలో శిక్షణ ఉంటుంది, కానీ చాలామందికి అక్కడి ప్రజల భాష రాదు. ఛత్తీస్‌గఢ్ డీఆర్‌జీ ఇందుకు భిన్నం. అందులో స్థానిక యువకులు, లొంగిపోయిన మావోయిస్టులు ఉంటారు. భాషా తెలుసు, కాలిబాటలూ తెలుసు.

ఇప్పుడు రెండు ఘటనలు గమనించండి.

2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో, కూంబింగ్ ముగించుకుని పడవలో తిరిగి వస్తున్న గ్రేహౌండ్స్ బృందంపై మావోయిస్టులు కొండపై నుంచి కాల్పులు జరిపారు. 38 మంది మరణించారు. నీటి మీద చెదిరిపోవడానికి చోటు లేదు, చాటుకు చెట్టు లేదు. నేల మీద కాపాడిన నైపుణ్యం అక్కడ అక్కరకు రాలేదు.

2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లా తాడిమెట్ల దగ్గర 76 మంది చనిపోయారు. వారిలో 75 మంది సీఆర్‌పీఎఫ్ వారు, ఒక్కరే రాష్ట్ర పోలీసు. స్థానిక తోడు ఎంత పలచగా ఉందో ఆ అంకెలే చెబుతాయి. అదే ఏడాది జూలైలో కేంద్రం నాలుగు రాష్ట్రాలకు ఏకీకృత కమాండ్‌ను ప్రతిపాదించింది.

అయితే స్థానికులను తీసుకుంటే చాలు అనుకోకండి. తగిన చదువు, శిక్షణ లేని గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో తేల్చింది.

జవాబు ఇలా ముగించండి: పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో ఉంది, కేంద్ర బలగాల మోహరింపు కేంద్ర జాబితాలోని 2ఏ అంశం. ఆయుధాలు ఎవరైనా కొనివ్వగలరు. నేల గురించిన తెలివిని మాత్రం కలిసి నడిచి, కలిసి శిక్షణ పొంది పంచుకోవాల్సిందే. అది జరగనప్పుడు మూల్యం చెల్లించేది జవాన్లు, ఆ ఊళ్ల గిరిజనులు.