మాత్రల పెట్టెలో మడత కాగితం



ఇవాళ చెప్పబోయేది గర్భనిరోధక మాత్రల కథ. కుటుంబ నియంత్రణ మీద ఉపన్యాసమని పేజీ తిప్పెయ్యకండి. ఆపరేషను చేయించుకున్నవారికీ, బహిష్టులు ఆగిపోయే వయసు దగ్గరపడ్డవారికీ కూడా ఈ కథతో పని ఉంది. ఎందుకో మా ఇంట్లో జరిగిన సంగతితోనే చెబుతాను.

మా పెద్ద తోడికోడల్ని నేను అక్కయ్యా అని పిలుస్తాను. ఆవిడ పెద్దమ్మాయి పెళ్లి. సరిగ్గా ముహూర్తం రోజుకే ఆవిడ బయట చేరే తేదీ వచ్చిపడింది. పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యవలసిన తల్లి! ఆడవాళ్లం నలుగురం వంటింట్లో గుసగుసలాడుకున్నాం. అందరికీ తెలిసిన మార్గమే కదా, సందు చివర మందుల షాపు. పిల్లవాణ్ణి పంపిస్తే షాపతను మాత్రల షీటుని కత్తెరతో కత్తిరించి పొట్లం కట్టి ఇచ్చాడు. మందు పేరు సగం కత్తెరకే పోయింది. రోజుకి మూడు వేసుకోమన్నాడట. వేసుకుంది. పెళ్లి దివ్యంగా జరిగింది.

అప్పగింతలయిన వారానికి అక్కయ్య ఎడమ పిక్క వాచి నొప్పి పెట్టింది. పెళ్లి పనుల్లో నిలబడి నిలబడి వచ్చిన నొప్పే అనుకుని రెండు రోజులు నూనె కాచి మర్దన చేశాం. మూడో రోజు ఆయాసం మొదలైంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఈమధ్య ఏమైనా మాత్రలు వేసుకున్నారా అని. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాలి సిరలో రక్తం గడ్డకట్టి, అందులో ముక్క ఊపిరితిత్తికి చేరిందట. అప్పుడు మర్దన చెయ్యడం కూడా తప్పేనట. దేవుడి దయవల్ల మనిషి దక్కింది. వాళ్లమ్మగారికి కూడా ఒకప్పుడు కాలిలో ఇలాగే రక్తం గడ్డకట్టిందని ఇంట్లో మాకు తెలుసు. షాపులో ఎవరూ అడగలేదు, మేం చెప్పనూ లేదు. గంటల తరబడి ప్రయాణాలు, అలసట, మాత్రలు, వీటిలో దేని పాలు ఎంతో చెప్పలేమన్నారు డాక్టరమ్మ.

నా చదువు పదో తరగతితో ఆగింది. అయినా ఆ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని పట్టుదల కలిగింది. చదివినకొద్దీ, తెలిసినవాళ్లని అడిగినకొద్దీ ఆశ్చర్యం వేసింది.

నెలసరి వాయిదాకి వాడే మాత్రలో ఉండే మందు పేరు నార్ఎథిస్టిరోన్. దాన్ని 1951 అక్టోబరు 15న మెక్సికో నగరంలో సింటెక్స్ అనే కంపెనీ ప్రయోగశాలలో తయారుచేశారు. కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్, లూయీస్ మిరామోంటెస్ అనే ముగ్గురి పని అది. ముడిసరుకు ఏమిటంటారా? దుంప! మన పెండలం జాతికే చెందిన అడవి దుంప. అందులోని పదార్థం నుంచి ప్రొజెస్టిరోన్ అనే హార్మోను తియ్యవచ్చని రసెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు 1940 దశకంలోనే చూపించాడు. అంతకుముందు ఆ హార్మోను బంగారం కన్నా ప్రియం. కడుపుతో ఉన్న స్త్రీకి మళ్లీ అండం విడుదల కాకుండా కాపుకాసేది ఈ ప్రొజెస్టిరోనే. కుందేళ్లలో అది అండం విడుదలను ఆపుతుందని 1937లోనే రుజువయింది. అయినా దాన్ని మనుషుల దగ్గరకు తేవడానికి ఏ ప్రభుత్వమూ, ఏ పెద్ద కంపెనీయూ ముందుకు రాలేదు. వచ్చింది ఇద్దరు ముసలమ్మలు.

ఒకరు మార్గరెట్ శాంగర్. నర్సు. ఆవిడ తల్లి 18 సార్లు గర్భం దాల్చి, 11 మందిని కని, యాభై ఏళ్లకే పోయింది. శాంగర్ 1916లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో గర్భనిరోధక క్లినిక్కు తెరిస్తే పది రోజులు తిరక్కుండానే పోలీసులు మూయించి ఆవిణ్ణి జైల్లో పెట్టారు. 1935 డిసెంబరులో మన దేశం వచ్చి వార్ధాలో గాంధీగారిని కలిసి ఈ విషయమే వాదించింది. ఆయన ఆత్మనిగ్రహం తప్ప మరో మార్గం ఒప్పుకోలేదు. ఎవరు పిల్లల్ని కనవచ్చు, ఎవరు కనకూడదు అని ఇతరులు తీర్మానించే యూజెనిక్స్ ధోరణి ఒకటి శాంగర్‌లో ఉండేది. అది నాకు నచ్చదు. కానీ తల్లి చావు చూసిన కూతురి పట్టుదల మాత్రం అర్థమవుతుంది.

రెండో ఆవిడ కేథరిన్ మెక్‌కార్మిక్. 1904లోనే ఎం.ఐ.టి.లో జీవశాస్త్రం డిగ్రీ పుచ్చుకున్న మనిషి. పెళ్లయిన కొద్దికాలానికే భర్తకి తీరని మానసిక వ్యాధి పట్టుకుంది. 1920 దశకంలో ఈవిడ యూరపు వెళ్లి, అమెరికాలో నిషేధంగా ఉన్న రబ్బరు గర్భనిరోధక సాధనాలను కొత్త బట్టల మడతల్లో పెట్టి కుట్టించి, పెట్టెలకి పెట్టెలు తెచ్చి శాంగర్ క్లినిక్కులకి ఇచ్చింది. కస్టమ్స్ వాళ్లకి ధనవంతురాలి చీనీ చీనాంబరాలే కనిపించాయి మరి! 1953 జూన్‌లో ఈ ఇద్దరూ మసాచుసెట్స్‌లో గ్రెగరీ పింకస్ అనే శాస్త్రజ్ఞుడి దగ్గరకు వెళ్లారు. అప్పటికి మెక్‌కార్మిక్‌కి 77 ఏళ్లు. ఆవిడ మొత్తం మీద దాదాపు 20 లక్షల డాలర్లు ఖర్చుపెట్టిందని లెక్క. పింకస్ దగ్గర చైనా నుంచి వచ్చిన చాంగ్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల మీద ప్రయోగాలు చేశాడు. బోస్టన్‌లో జాన్ రాక్ అనే డాక్టరు స్త్రీల మీద పరీక్షలు మొదలుపెట్టాడు. ఈ రాక్ రోజూ ప్రార్థనకు వెళ్లే కాథలిక్కు. ఆయన చర్చికి మాత్రం ఇదంతా పాపం.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. హార్మోను ఎడతెరిపి లేకుండా ఇస్తే రాక్ దగ్గరికొచ్చిన స్త్రీలకి బహిష్టు ఆగిపోయేది. వాళ్లు పిల్లలు లేక వైద్యానికి వచ్చినవాళ్లు పాపం, కడుపు పండిందనుకుని సంబరపడి తరవాత ఏడ్చేవారు. అందుకని నెలలో కొన్నాళ్లు మందు ఆపి బహిష్టు రానిచ్చే పద్ధతి పెట్టారు. ఇప్పటికీ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపడం అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ విరామం వల్ల ఆరోగ్యానికి ప్రత్యేకించి ఒరిగేదేమీ లేదని బ్రిటన్ వైద్య నిపుణులు 2019లో మార్గదర్శకాలలోనే రాశారు.

రెండోది ఇంకా తమాషా. సెర్ల్ కంపెనీవారి మందులో తయారీలోనే కొద్దిగా ఈస్ట్రోజన్ కలిసిపోయింది. కల్తీ అని దాన్ని తీసేస్తే, స్త్రీలకి మధ్యమధ్యలో రక్తస్రావం కనిపించసాగింది. మళ్లీ కావాలనే కలిపారు. అలా పుట్టింది రెండు హార్మోన్ల మిశ్రమ మాత్ర. పనికొచ్చిన ఆ కల్తీయే తరవాత గండంగా మారింది.

1956 ఏప్రిల్‌లో పోర్టోరికో దీవిలో రియో పియెద్రాస్ అనేచోట పేదల ఇళ్ల కాలనీలో పెద్ద పరీక్ష మొదలైంది. అక్కడి స్త్రీలు ఆత్రంగా వచ్చి మాత్రలు తీసుకున్నారు. పిల్లలు పుట్టకుండా చేస్తుందని చెప్పారు. ఇంకా పరీక్షలో ఉన్న మందని మాత్రం చెప్పలేదు. అక్కడి బాధ్యత చూసిన డాక్టరు ఎడ్రిస్ రైస్-రే అనే స్త్రీ. మాత్ర సరిగ్గా వేసుకుంటే గర్భం రావడం లేదు గాని, నూటికి 17 మందికి వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి వస్తున్నాయి, అందరికీ ఇవ్వదగ్గది కాదని ఆవిడ నివేదిక రాసింది. పింకస్, రాక్ ఆ మాట పట్టించుకోలేదు. చాలామటుకు మనసు కల్పించే బాధలే అనుకున్నారు. ఆడవాళ్లు ఒంట్లో బాగాలేదంటే మనసులో బాధ అనడం మనకి కొత్తా!

ఆ మాత్ర పేరు ఎనోవిడ్. 1957లో అమెరికా ప్రభుత్వం దాన్ని బహిష్టు బాధలకి మాత్రమే అనుమతించింది. ఉన్నట్టుండి అమెరికాలో లక్షలాది స్త్రీలకి బహిష్టు బాధలు పుట్టుకొచ్చాయి! 1960లో గర్భనిరోధానికి అనుమతి వచ్చింది. అప్పట్లో ఒక్కొక్క మాత్రలో 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ఉండేది. ఈనాటి మాత్రల్లో 20, 30 మైక్రోగ్రాములు చాలుతున్నాయి. అంటే ఆ మొదటి తరం స్త్రీలు అవసరానికి ఎన్నో రెట్లు మింగారన్నమాట.

1961లో ఇంగ్లండులో జోర్డన్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. ఎనోవిడ్ వాడిన ఒక నర్సుకి ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు చేరాయని. మా అక్కయ్యకి వచ్చిన జబ్బే అది. ఒక్కరికి వస్తే యాదృచ్ఛికం అనవచ్చు. కానీ బ్రిటన్‌లో వెసీ, డాల్ మొదలైనవారు ఆస్పత్రుల రికార్డులు తిరగేసి 1968 నాటికి సంబంధం రుజువు చేశారు. 1969 చివర ఆ దేశంలో 50 మైక్రోగ్రాములకు మించి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వద్దని డాక్టర్లకు చెప్పారు.

అమెరికాలో 1969లో బార్బరా సీమన్ అనే పత్రికా రచయిత్రి ఈ మాత్రల ప్రమాదాల మీద పుస్తకం రాసింది. దాని ఫలితంగా 1970 జనవరిలో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ పెట్టాడు. డాక్టర్లు, శాస్త్రజ్ఞులు, కంపెనీలవాళ్లు సాక్ష్యమిచ్చారు. మాత్ర మింగిన స్త్రీ ఒక్కర్తినీ పిలవలేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆవిడ స్నేహితురాళ్లు లేచి నిలబడి గట్టిగా అడిగారు, మాకెందుకు ముందే చెప్పలేదు, మమ్మల్నెందుకు పిలవలేదు అని. బయటికి పంపించారు. మళ్లీ వచ్చారు. టెలివిజన్‌లో దేశమంతా చూసింది.

ఆ ఏడాదే మాత్రల పెట్టెలో వాడేవారి కోసం ఒక కాగితం పెట్టాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ముందు రాసిన పెద్ద కాగితాన్ని, డాక్టరుకీ రోగికీ మధ్య మీరెందుకని వైద్యుల సంఘాలు, కంపెనీలు అడ్డుపడడంతో చిన్న చీటీగా కుదించారు. 1978లో మళ్లీ వివరంగా రాయించారు. ఇప్పుడు మందు పెట్టెల్లో దొరికే మడత కాగితాలకు దారి తీసినవాటిలో ఈ చీటీ ముఖ్యమైనది.

భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. లెక్కలు చూడండి. యూరపు మందుల సంస్థ 2013లో తేల్చిన ప్రకారం, మాత్రలు వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి 2 మందికి ఇలా రక్తం గడ్డకడుతుంది. మిశ్రమ మాత్రలు వాడితే, రకాన్ని బట్టి 5 నుంచి 12 మందికి. గర్భిణీలకు, ముఖ్యంగా బాలింతలకు, ఈ గండం అంతకన్నా ఎక్కువ. రొమ్ము కాన్సరు భయం కొంచెం పెరుగుతుంది. డెన్మార్కులో 18 లక్షల మంది స్త్రీలను పరిశీలించి 2017లో చెప్పినదాని ప్రకారం, ఏడాది వాడిన సుమారు 7,700 మందికి ఒక కేసు అదనం. మరోవైపు అండాశయ కాన్సరు, గర్భాశయపు లోపొర కాన్సరు తగ్గుతాయి. అప్పటికి 50 ఏళ్లలో ఈ మాత్రలు 2 లక్షల అండాశయ కాన్సర్లను ఆపాయని 2008లో లాన్సెట్‌లో లెక్క కట్టారు. విపరీతమైన రక్తస్రావం, కడుపునొప్పి ఉన్నవారికి ఇవి నిజమైన మందు.

1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల మాత్రలతో గడ్డలు కొంచెం ఎక్కువని హడావుడిగా ప్రకటిస్తే, బెదిరిపోయి వేలమంది ఒక్కసారిగా మానేశారు. మరుసటి ఏడు గర్భస్రావాలు వేలల్లో పెరిగాయి. సగం చెప్పడం కూడా ప్రమాదమే మరి.

మన రాష్ట్రాల్లో మాత్రల వాడకం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు నూటికి 70 మంది ఆపరేషను చేయించుకున్నవాళ్లే. అందుకని మాత్రల సంగతి మనకెందుకనుకుంటాం. కానీ వ్రతానికి, గృహప్రవేశానికి, తిరుపతి ప్రయాణానికి పొట్లం తెప్పించుకునేది మనమే. ఆ వాయిదా మాత్రలో ఈస్ట్రోజన్ లేదు, నిజమే. కానీ రోజుకి 10, 15 మిల్లీగ్రాములు వేసుకుంటే అందులో కొంత భాగం ఒంట్లోకి వెళ్లాక ఈస్ట్రోజన్‌గా మారుతుంది. అది మిశ్రమ మాత్రలో ఉండేదే.

ఇంతకుముందు రక్తం గడ్డకట్టినవారు, ఇంట్లో దగ్గరివాళ్లకు గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, బి.పి. ఉన్నవారు, కళ్ల ముందు మెరుపులు కనిపించే పార్శ్వపు నొప్పి ఉన్నవారు, 35 దాటి పొగ తాగేవారు, పాలిచ్చే బాలింతలు, వీళ్లంతా మిశ్రమ మాత్ర ముట్టుకునే ముందు డాక్టరుకి ఆ సంగతి చెప్పి తీరాలి. క్షయకి రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ మాత్ర సరిగ్గా పనిచెయ్యదు. ఒక కాలు మాత్రమే వాచినా, గుండెలో పొడిచినట్టున్నా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి పరుగెత్తాలి, నూనె సీసా దగ్గరికి కాదు. ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్ షీటులో 21 మందు మాత్రలూ, వారానికి సరిపడా 7 ఇనుము మాత్రలూ ఉంటాయి. కత్తిరించకుండా షీటు మొత్తం తీసుకోండి.

తరవాత రెండేళ్లకి అక్కయ్య రెండో అమ్మాయి పెళ్లి కుదిరింది. మళ్లీ అదే చిక్కు, ముహూర్తం తేదీకి ఆవిడ తేదీ. ఎవరో మందుల షాపు మాట ఎత్తబోయారు. అక్కయ్య వినిపించుకోకుండా సరాసరి పురోహితుడి ముందుకు వెళ్లి, సంకోచపడకుండా విషయం చెప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, పంచాంగం తిరగేసి, పదకొండు రోజుల తరవాత ఇంకో ముహూర్తం పెట్టాడు.